వాడు నిన్ను పిలవట్లేదు, బిడ్డా

అమ్మా, నమస్తే. మాది కాజీపేట. నాకు మొదటి కాన్పు. బాబుకు ఇవాళ్టికి 24 రోజులు. నెలలు నిండాకే పుట్టాడు. పుట్టినప్పుడు 3 కిలోల 100 గ్రాములు, 21వ రోజు ఆశ అక్క వచ్చి తూచితే 3 కిలోల 550. పగలు బాగానే పడుకుంటాడు. రాత్రి పదకొండు దాటిందంటే మొదలు. నిద్రలోనే ముక్కుతాడు, మూలుగుతాడు, గుర్రుగుర్రుమంటాడు, మేకపిల్లలా అరుస్తాడు, మొహం ఎర్రగా చేసుకుని ఒళ్లు విరుస్తాడు. ఒక్కోసారి శ్వాస ఆగినట్టు అనిపించి నా ప్రాణం పోతుంది. చప్పుడైన ప్రతిసారీ ఎత్తుకుంటాను, ఎత్తుకోగానే లేచి ఏడుస్తాడు. నా ఛాతీ మీద బోర్లా వేసుకుంటే మాత్రం చప్పుడు చేయడు. అందుకే సోఫాలో అలాగే కూర్చుని తెల్లారుస్తున్నాను. తొట్టెల ఫంక్షన్ అయ్యాక, నాట్లున్నాయని అమ్మ పరకాల దగ్గర మా ఊరికి వెళ్లింది, ఆదివారం వస్తుంది. మా ఆయన అసిస్టెంట్ లోకో పైలట్, ఎప్పుడు డ్యూటీయో ఎప్పుడు రెస్టో చెప్పలేం. అత్తమ్మ పొద్దున నాలుగింటికే లేస్తుంది కానీ బాబును పట్టుకోమని అడగాలంటే మొహమాటం. ఆమె దిష్టి అంటుంది, ముక్కులో రెండు చుక్కలు నూనె వేయమంటుంది. పక్కింటావిడ గ్రైప్ వాటర్ అంటుంది. ఫ్రెండేమో పిల్లల కాలికి తొడిగే మానిటర్ కొనమంటోంది. నిన్న రాత్రి వాణ్ని మంచం మీద పడుకోబెట్టి, బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. వీడెందుకు పుట్టాడా అని ఒక్క క్షణం అనిపించింది. నేను మంచి తల్లిని కానా?
ఒక తల్లి, కాజీపేట, రాత్రి 3:10

బిడ్డా,

ఉత్తరం కింద టైమ్ కూడా వేశావు, 3:10 అని. ఆ టైమ్‌కు నువ్వు ఎక్కడ కూర్చుని రాశావో ఊహించగలను కాబట్టి ముందు సోఫా సంగతే మాట్లాడతాను. నీ చివరి ప్రశ్నకు తర్వాత వస్తాను.

సోఫాలో బాబును ఛాతీ మీద వేసుకుని కూర్చోవడం ఈ రాత్రి నుంచే మానెయ్. నిద్ర లేక తూలుతున్న మనిషి ఎంత గట్టిగా అనుకున్నా కన్ను మూతపడక మానదు. చెయ్యి సడలుతుంది. పిల్లవాడు మెల్లగా జారి నీ పక్కకూ దిండుకూ మధ్య ఇరుక్కుంటాడు. ముక్కు మూసుకుపోయినా అరవడానికి గాలి ఉండదు. చంటిపిల్లతో నిద్రపోవడానికి ఇంట్లో అన్నిటికంటే ప్రమాదమైన చోటు సోఫానే, మంచం కన్నా కూడా. ఇక బోర్లా సంగతి. చప్పుడు తగ్గుతుందన్నావు, నిజమే. బోర్లా పడుకున్న పిల్లలు గాఢంగా పడుకుంటారు, తేలిగ్గా మేల్కోరు. ఊపిరాడనప్పుడు కూడా మేల్కోరు, అందుకే భయం. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండని అమెరికాలో 1994లో పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. నిద్రలో ఉన్నట్టుండి పోయే పసిపిల్లల సంఖ్య ఆ తర్వాత కొన్నేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. మందూ లేదు, మిషనూ లేదు, పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే.

కాబట్టి వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. తల గుండ్రంగా రావాలని ఎవరైనా ఆవాల దిండు ఇచ్చి ఉంటే దాన్ని బీరువాలో పెట్టు. వెల్లకిలా వేస్తే వాడు చప్పుడు చేస్తాడు. చేయనీ.

ఇప్పుడు ఆ చప్పుడు ఏమిటో చెప్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రసూతి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేశాను. ఎన్ని వందల మంది పిల్లల్ని చేతుల్లో పట్టుకున్నానో లెక్కే లేదు. అయినా నా పెద్దవాడు పుట్టినప్పుడు నేనూ నీలాగే ఉన్నాను. కాజీపేటలోనే అద్దె గది, కరెంటు పోతే కిరోసిన్ దీపం. వాడు నిద్రలో ‘ఊఁ’ అంటే నేను లేచి కూర్చునేదాన్ని. వాచీ పెట్టుకుని శ్వాస లెక్కపెట్టేదాన్ని. ఒకసారి 38 వచ్చింది, మళ్లీ లెక్కపెడితే 52 వచ్చింది, ఇక నిద్ర ఎక్కడిది? ఎత్తుకునేదాన్ని, వాడు లేచి గుక్కపట్టేవాడు. మూడో రాత్రో నాలుగో రాత్రో మా అత్తమ్మ చాప మీద నుంచి తల కూడా ఎత్తకుండా అన్నది, “వాడు నిద్రల మాట్లాడుతుండు. నువ్వెందుకే జవాబిస్తున్నవ్?”

ఆమె బడి మొహం చూడలేదు. నేను నర్సింగ్‌లో నేర్చుకున్నదాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

పుట్టిన పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటారు. అందులో దాదాపు సగం నిద్ర మనకు నిద్రలాగే కనిపించదు. కనుగుడ్లు రెప్పల కింద కదులుతుంటాయి, మూతి వంకర్లు పోతుంది, నవ్వుతాడు, వెంటనే ఏడుపు మొహం పెడతాడు, చేతులు ఎగరేస్తాడు, మూలుగుతాడు, ఒక చిన్న కేక కూడా వేస్తాడు. దీన్ని డాక్టర్లు యాక్టివ్ స్లీప్ అంటారు. పెద్దవాళ్లం కలలు కంటున్నప్పుడు మన ఒంటికి కళ్లెం పడి ఉంటుంది, అందుకే కదలం. పసివాళ్లకు ఆ కళ్లెం ఇంకా సరిగా బిగుసుకోలేదు. పైగా మనం ముందు గాఢ నిద్రలోకి జారుకుంటే, వాళ్లు ఈ కదిలే నిద్రలోంచే మొదలుపెడతారు. ముప్పావుగంటకో గంటకో ఒక విడత నిద్ర ముగుస్తుంది. విడతకూ విడతకూ మధ్య ఒకసారి ముక్కి మూలిగి, వదిలేస్తే మళ్లీ నిద్రలోకి వెళ్తారు. సరిగ్గా ఆ నిమిషంలోనే నువ్వు వాణ్ని ఎత్తుకుంటున్నావు. అంటే చాలాసార్లు వాణ్ని లేపుతున్నది నువ్వే. తప్పు పట్టడానికి అనట్లేదు, నేనూ అదే చేశాను.

మీ ఇంటికి రైళ్లు వినపడుతూనే ఉంటాయి కదా. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ లైన్లు మూడూ కలిసే జంక్షన్ పక్కన కాపురం. కడుపులో ఉన్నప్పటి నుంచీ విన్నాడు కాబట్టి గూడ్సు బండి హారన్ కొట్టినా వాడు కదలడు. నువ్వూ కదలవు. కానీ వాడు ‘ఊఁ’ అంటే ఉలిక్కిపడి లేస్తావు. నీ చెవులకేం రోగం లేదు, బాలింత చెవులు అలాగే ఉంటాయి.

గుర్రుగుర్రు ముక్కులోది. పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ఆ ముక్కు దారి ఎంత సన్నగా ఉంటుందంటే ఆవగింజంత చీమిడి అడ్డం పడ్డా పెద్దాయన గురక వినిపిస్తుంది. జలుబే కానక్కర్లేదు. పాలు తాగేటప్పుడు కూడా ముక్కు బిగుసుకుని ఇబ్బంది పడుతుంటే, మెడికల్ షాపులో దొరికే పసిపిల్లల సెలైన్ చుక్కలు, అంటే ఉప్పునీళ్లే, పాలిచ్చే ముందు ఒక్కో ముక్కులో ఒక్కో చుక్క వెయ్. హాయిగా తాగుతుంటే అవీ అక్కర్లేదు.

ముక్కడం, ఎర్రబడటం పొట్టకు సంబంధించింది. విరేచనం రావాలంటే పొట్టతో నెట్టాలి, అదే సమయంలో కింద వదులు చేయాలి. వాడికి ఈ రెండూ ఒకేసారి చేయడం ఇంకా రాదు. అందుకే పది నిమిషాలైనా ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తగానే వెళ్తాడు. మెత్తగా వెళ్తున్నంతవరకు అది మలబద్ధకం కాదు. సబ్బుముక్క పెట్టడం, ఆముదం పట్టడం చేయకండి. కొన్ని వారాల్లో వాడే నేర్చుకుంటాడు.

శ్వాస ఆగినట్టు అనిపిస్తుందన్నావే, అది నీకు అనిపించడం కాదు, నిజంగానే ఆగుతుంది. ఐదు సెకన్లు, కొన్నిసార్లు పది సెకన్ల దాకా ఆపి, తర్వాత కుక్కపిల్లలా గబగబా నాలుగు తీసుకుని, మళ్లీ మామూలుగా తీసుకుంటారు. మెదడులో శ్వాసను నడిపే భాగం ఇంకా పని నేర్చుకుంటోంది. కొన్ని నెలల్లో కుదురుకుంటుంది. ఆగింది ఇరవై సెకన్లకు చేరినా, కొద్దిసేపే ఆగి పెదాలూ నాలుకా నీలంగా మారినా, ఒళ్లు వేలాడినా అది వేరే సంగతి, దాని గురించి కింద చెప్తాను.

భయం వేసినప్పుడు చెవులతో కాదు, కళ్లతో చూడు. ఎలాగంటే, ఫోన్ టార్చ్ వాడి మొహం మీద కాకుండా గోడ మీద కొట్టు. జుబ్బాను బొడ్డు పైదాకా జరుపు. పొట్టనే చూడు. పొట్ట లేచిందంటే ఒకటి. స్టాప్‌వాచ్ పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకు, ఆగి ఆగి తీసుకునే పిల్లల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. 30 నుంచి 60 లోపు ఎంత వచ్చినా సరే. 60 గానీ ఆపైన గానీ వస్తే, ఏడుపూ కదలికా లేనప్పుడు ఇంకోసారి లెక్కపెట్టు. రెండోసారీ అంతే వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆశ కార్యకర్తలకు నేర్పేదీ ఇదే. ఆసుపత్రిలో కాన్పు అయిన పిల్లల ఇంటికి వాళ్లు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తారు. 28వ రోజు ఇంకో నాలుగు రోజుల్లోనే ఉంది. ఆశ అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. ఒకసారి చెయ్యి తిరిగితే నీ టెన్షన్ సగం దిగుతుంది.

కాలి మానిటర్ వద్దు. నిద్రలో వచ్చే ఆకస్మిక మరణాలను అవి ఆపుతాయని రుజువు లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు వాటిని వాడమని పిల్లల డాక్టర్లు చెప్పరు. అది జారి కూతపెట్టిన ప్రతిసారీ నీ గుండె ఆగుతుంది, ఇప్పటికే చాలు.

ఇక పరుగెత్తాల్సిన సందర్భాలు. అప్పుడొకటి అప్పుడొకటి వచ్చే మూలుగు కాదు, ప్రతి శ్వాసకూ బయటికి వదిలేటప్పుడు ‘హ్మ్, హ్మ్’ అని వరసగా వచ్చే మూలుగు. డొక్కలెగరేయడం, అంటే ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంటపడటం. ముక్కుపుటాలు అదరడం. శ్వాస ఇరవై సెకన్లు ఆగడం, పెదాలూ నాలుకా నీలంగా మారడం, ఒళ్లు వేలాడటం. పాలు పట్టుకోకపోవడం, లేపినా మగతగా ఉండటం. ఒళ్లు కాలడం, అంటే చంకలో థర్మామీటర్ పెడితే 99.5 గానీ అంతకు మించి గానీ ఉండటం. ఒళ్లు చల్లబడిపోవడం కూడా అంతే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనీ అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగానికైనా, నీకు దగ్గరలో రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రికైనా వెళ్లు.

మధ్యరకం చప్పుడు ఇంకొకటి ఉంది. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు సన్నగా కీచుమనడం, వెల్లకిలా ఉన్నప్పుడూ ఏడ్చినప్పుడూ ఎక్కువవడం. గొంతు దగ్గరి మెత్తటి ఎముక ఇంకా గట్టిపడక అలా వస్తుంది. చాలామందిలో ఏడాదికో రెండేళ్లకో దానంతటదే పోతుంది, కానీ ఒకసారి పగటిపూట డాక్టరుకు చూపించాలి. చూపించేటప్పుడు నోటితో చెప్పకు. డాక్టరమ్మ ముందు నీ కొడుకు బుద్ధుడిలా పడుకుంటాడు. రాత్రి ఒక నిమిషం వీడియో తీసి, పొట్ట కనపడేలా, అది చూపించు.

నీ బాబు బరువు చూశాక నాకు ధైర్యంగా ఉంది. మూడు వారాల్లో దాదాపు అర కిలో పెరిగాడంటే పాలు బాగా అందుతున్నాయి. ఊపిరికి ఇబ్బంది ఉన్న పిల్లలు సాధారణంగా అలా పెరగరు.

నూనె మాత్రం వద్దు, ఎవరు చెప్పినా వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. అలాంటి పిల్లలను ఆక్సిజన్ మీద చూసినదాన్ని. వాళ్ల నానమ్మలు వార్డు బయట కూర్చుని ఏడ్చేవాళ్లు, ప్రేమతోనే వేశారు మరి. గ్రైప్ వాటర్, వసకొమ్ము, తేనె కూడా వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కలు తప్ప నోట్లోకి ఏదీ వెళ్లకూడదు. ఏడాది నిండేదాకా తేనె అసలే కూడదు. కర్పూరం ఉన్న బామ్ రాయకండి. స్నానం తర్వాత పట్టే సాంబ్రాణి పొగా, దోమల కోసం వెలిగించే కాయిలూ ఈ ముక్కు బిగుతుకు సగం కారణం కావచ్చు. దోమతెర కట్టండి. అత్తమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వు, ఆమె తృప్తి ఆమెది. ఆ మిరపకాయలు మాత్రం పెరట్లో కాల్చమను.

ఈ రాత్రి ఏం చేయాలంటే, వాడి పడకను నీ చెవి పక్కన నుంచి తీసి అదే గదిలో నాలుగడుగులు అవతల వెయ్. గది ఒకటే ఉండాలి, దూరం పెరగాలి. ఫ్యాన్ చప్పుడు ఉండనీ, చిన్న చిన్న మూలుగులు అందులో కలిసిపోతాయి. చప్పుడు వినపడగానే లేవకు. కళ్లు మూసుకునే ఉండి మనసులో ముప్పై దాకా లెక్కపెట్టు. ఏడుపు పెరుగుతూ పోతే అది పిలుపు, వెళ్లు. చేతులు నోటి దగ్గరికి తెచ్చుకుని చప్పరిస్తున్నా, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నా ఆకలి, ఏడ్చేదాకా ఆగకుండా పాలివ్వు. ముక్కి, మూలిగి, ఒళ్లు విరిచి సర్దుకుంటే అది నిద్ర. మొదటి రాత్రి ముప్పై దాకా ఆగడం నీకు యుగంలా ఉంటుంది. పదికే లేచినా ఏం కాదు, రేపు పదిహేను.

చప్పుడు తగ్గేదాకా ఒక్కదానివే కాయాలంటే మాత్రం కుదరదు, ఎందుకంటే రెండు మూడు నెలలు పడుతుంది. నీకు వరసగా నాలుగైదు గంటల నిద్ర కావాలి. మీ ఆయనకు ఎనిమిది గంటల డ్యూటీ చేసి దిగితే ఇంటి దగ్గర 16 గంటల రెస్టు ఇవ్వాలని రైల్వే రూలు ఉంది. మంచి రూలే. అంతమంది ప్రాణాలు వాళ్ల చేతుల్లో ఉంటాయి కాబట్టి డ్యూటీకి వెళ్లే ముందు రాత్రి అతన్ని లేపమని నేను అనను. కానీ రెస్టు 16 గంటలూ నిద్రే కాదుగా. డ్యూటీ లేని రాత్రి తొమ్మిదింటికి నువ్వు పాలిచ్చి పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకో. ఒంటిగంట దాకా బాబు అతని బాధ్యత. మధ్యలో ఆకలేస్తే ముందే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన నీ పాలను గిన్నెతో సహా వేడినీళ్లలో పెట్టి, చల్లదనం పోయాక పడతాడు. ఇంజన్‌లో సిగ్నల్ చూసి పిలిచి చెప్పే మనిషి, పొట్ట చూసి శ్వాస లెక్కపెట్టలేడా?

అతను డ్యూటీలో ఉన్నప్పుడు అత్తమ్మ. నాలుగింటికి ఎలాగూ లేచే మనిషికి నాలుగున్నరకు పాలు తాగిన మనవణ్ని అప్పగించడానికి మొహమాటం ఎందుకు? “అత్తమ్మా, ఏడింటి దాకా వీణ్ని జర చూడు, నేను పండుకుంట” అను. నానమ్మలు ఇలాంటి మాట కోసం ఎదురుచూస్తుంటారు. నూనె వద్దన్న కోపం కూడా అక్కడికి పోతుంది.

ఇప్పుడు బాత్రూంలో నల్లా సంగతి.

నువ్వు వాణ్ని మంచం మీద పడుకోబెట్టి పక్కకు వెళ్లావు. సరైన పనే చేశావు. ఇక భరించలేను అనిపించిన క్షణంలో పిల్లవాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఐదు నిమిషాలు బయటికి వెళ్లడమే చేయాల్సింది. ఆ క్షణంలో చేయకూడనిది ఒకటే, పసివాణ్ని పట్టుకుని కుదపడం. నువ్వు చేయలేదు. ‘వీడెందుకు పుట్టాడా’ అనే ఆలోచన మూడు వారాలు నిద్రలేని మనిషికి వస్తుంది. వార్డులో ఎంతమంది నా చెయ్యి పట్టుకుని ఆ మాటే చెవిలో చెప్పి ఏడ్చారో. వాళ్లలో చెడ్డ తల్లి ఒక్కరూ లేరు. నువ్వూ కాదు.

కానీ ఒకటి గమనించు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే, అది పోతుంది. నీకు మూడు వారాలు దాటాయి. బాబును వేరేవాళ్లు చూసుకుంటున్నా నీకు నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, రోజంతా దిగులుగానే ఉంటే, అది బాలింత డిప్రెషన్ కావచ్చు. జ్వరానికి మందున్నట్టే దానికీ మందుంది, పాలిస్తూనే వాడగలిగేవి కూడా ఉన్నాయి. కాన్పు చేసిన డాక్టరమ్మకు చెప్పు. వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి 3:10కి కూడా ఎత్తుతారు. నీకు గానీ బాబుకు గానీ హాని చేసుకోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకు. ఇంట్లో వాళ్లను లేపి అప్పుడే ఆసుపత్రికి వెళ్లు.

ఆదివారం మీ అమ్మ వస్తుందన్నావు కదా. వచ్చేటప్పుడు ఉగ్గుగిన్నె తెమ్మని ఇవాళే ఫోన్ చెయ్. నీకు పాలు పట్టింది మీ ఇంట్లో అటక మీదో, పాత సందూకలోనో ఉండే ఉంటుంది. ఆ గిన్నెను నీళ్లలో బాగా మరిగించి ఇస్తే రాత్రి తొమ్మిది తర్వాత మీ ఆయనకు అదే పనికొస్తుంది.